ఆవిరి గొట్టములు ఏల పగులును?

పోయిన సంవత్సరము మాఘమాసమున మా పినతల్లి కుమారుడు కుడిచేతికి మోచేతివఱకు కట్టు కట్టుకొని మా యింటికి వచ్చెను. అతడొక చెఱకు ఫ్యాక్టరీలో ఫిట్టరు. గానుగ ఆడు కాలమంతయు రాత్రి యనక పగలనక పని జరుగు చోటది. అక్కడ ఆవిరి గొట్టమొకటి చిల్లిపడి, ఆవిరి అతని చేతిమీదికి కొట్టినది. ముఖము తప్పినది, దైవకృప. నా మరదలు ప్రతి సాయంకాలము ఆ గుడ్డ విప్పి, మందు పూసి, మరల కట్టుచుండెడిది. మూడవనాడు కాబోలు, తల యెత్తకయే, "ఇంతకూ ఆ పైపు ఎందుకు పగిలిందండీ?" అని యడిగెను.

"పాతదైపోయింది, పగిలింది. అంతే" అని అతడు చెప్పెను.

ఆ "అంతే" అను మాట నాకు రుచింపలేదు. మా వంటయింట నొక ఇత్తడి గంగాళము కలదు. మా అత్తగారి అత్తగారు కాపురమునకు వచ్చునప్పుడు తెచ్చుకొన్నది. అడుగున సొట్టలు పడినదేగాని నేటికిని చిల్లి లేదు. గడచిన సంక్రాంతికి కొన్న గిన్నె పిడి యూడి మూలబడినది. పాతదగుట చేతనే వస్తువులు పగులునేని మొదట పగులవలసినది ఆ గంగాళమే. పాతదైనదని చెప్పుటవలన ఎన్నాళ్లయినదో తెలియును, ఏమైనదో తెలియదు.

మా వారు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము బోధింతురు. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగారివద్ద కావ్యములును కొంత తర్కమును చదివితిని. కావ్యములలో ఉక్కు గొట్టముల వర్ణన లేదు గాని, తర్కములో కార్యకారణముల చర్చ కావలసినంత యున్నది. మన ఆంధ్రుడగు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము చదివినవారెఱుగుదురు: వస్త్రమునకు దారములు ఒక విధమైన కారణము, ఆ దారముల కూడిక వేఱొక విధమైన కారణము, మగ్గము మొదలగు సాధనములు మూడవ విధమైన కారణము. ఒక్క బట్టకే మూడు విధములైన కారణములు వెదకవలెనని చిన్నపిల్లలకు నేర్పినవారి బిడ్డను, చేయి కాలినప్పుడు ఒక్క మాటతో ఎట్లు తృప్తి పడుదును? మా వారిని పీడించితిని. ఆయన కొన్ని ప్రమాదముల నివేదికలు తెచ్చిరి. రాత్రులు భోజనములైన తరువాత ఇద్దరమును కూర్చుండి చదివితిమి. అందు నాకు బోధపడినంత సోదరీమణులకు నివేదించుచున్నాను.

మొదట ఆవిరి సంగతి. మనము దినదినము దానితోనే కాపురము చేయుచున్నను దాని స్వభావమును ఆలోచింపము. నీరు ఆవిరియైనపుడు, మామూలు ఒత్తిడిలో, అంతకుముందున్న చోటుకంటె 1,600 రెట్లకు పైగా చోటు కావలెననును. ఇడ్లీపాత్రపై మూత టపటప కొట్టుకొనుట అందుచేతనే. ఇంకొకటి: ఒక గ్రాము మరిగిన నీరు చర్మముపై బడి మన దేహపు వేడిమికి చల్లారునప్పటికి సుమారు 63 కెలోరీల వేడి నిచ్చును. ఒక గ్రాము ఆవిరి యైనచో, చల్లారుట మాట అటుంచి, నీరుగా మారుటయందే 540 కెలోరీలు ఇచ్చును. గంజి ఒలికిన బొబ్బకును ఆవిరి కొట్టిన బొబ్బకును గల భేదము మనలో అనుభవములేనివారు అరుదు.

మనము ఆవిరి యనుకొను ఆ తెల్లని పొగ నిజముగా ఆవిరి కాదు. అది అప్పటికే చల్లబడి సన్నని నీటిబిందువులైనది. కుక్కరు వెయిటు లేచినపుడు కన్నమునకు అతి సమీపమున చూడుడు. ఒక వ్రేలెడు మేర ఏమియు కనబడదు, ఆ పైననే తెలుపు. ఆ కనబడని వ్రేలెడు చోటనే అసలైన ఆవిరి యున్నది. పెద్ద ఒత్తిడిగల గొట్టములలో ఈ కనబడని మేర చాల దూర ముండును. చప్పుడు వినబడుచు చిల్లి కానరానపుడు పాతకాలపు పనివారు చీపురుకఱ్ఱ ముందుకు చాచి వెదకెడివారని చెప్పుదురు. కఱ్ఱ తెగిన చోట చిల్లి యున్నదన్నమాట.

కుక్కరు మాట వచ్చినది గనుక మఱియొక విశేషము చెప్పి ముందుకు పోయెదను. అందులోని నీరు 100 డిగ్రీల వద్ద మరగదు. 120 డిగ్రీల వఱకు వేడెక్కియు నీరుగానే యుండును. ఒత్తిడి దానిని పట్టి యుంచుచున్నది. ఆవిరి పోకముందే ఎవరైన తొందరపడి మూత తీసినచో ఆ నీటిలో కొంత భాగము ఆ క్షణముననే ఆవిరియై, తక్కిన నీటిని పప్పును వెంటబెట్టుకొని లేచును. ఫ్యాక్టరీలలో కొన్ని గొట్టములు ఆవిరిని కాక ఇట్టి పట్టియుంచబడిన వేడినీటిని మోయుచుండును. అవి పగిలినను బయటికి వచ్చునది ఆవిరియే. ఇక చెప్పబోవు జపాను కథలోని గొట్టము అట్టిది.

జపానులో ఫుకుయి అను మండలమున సముద్రతీరమందు మిహామా అను చోట అణువిద్యుత్ కేంద్ర మొకటి కలదు. 2004 ఆగస్టు 9వ తేదీ మధ్యాహ్నము 3 గంటల 22 నిమిషములకు అందలి మూడవ యూనిట్‌లో, టర్బైను లుండు భవనమున, ఒక గొట్టము పగిలెను. అణుశక్తికి సంబంధించిన భాగము కాదది. రేడియో ధార్మికత ఏమియు వెలువడలేదు. ఏ ఫ్యాక్టరీలోనైన ఉండదగిన సామాన్యమైన ఉక్కు గొట్టము. వ్యాసము 56 సెంటీమీటర్లు. లోపల సుమారు 140 డిగ్రీల వేడినీరు, వాతావరణపు ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్ల ఒత్తిడితో ప్రవహించుచుండెను. పగిలినతోడనే ఆ నీరు ఆవిరియై భవనమును నింపివేసినది. అచట పనిచేయుచున్న 11 మంది కాలిపోయిరి. నలుగు రానాడే మరణించిరి. ఐదవవాడు అదే నెలలో ఆసుపత్రిలో కన్నుమూసెను.

ఇక విచారణ. గొట్టము వేసిననాడు దాని గోడ మందము 10 మిల్లీమీటర్లు, అనగా చిటికెనవ్రేలి వెడల్పంత. పగిలినచోట అతి పలుచనైన భాగమున మిగిలినది 0.4 మిల్లీమీటరు, మన శుభలేఖ అట్టంత. క్షేమముగా నుండవలెనన్న 4.7 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అనగా ఆ గొట్టము ఆ మధ్యాహ్నము హఠాత్తుగా చెడినది కాదు. ఏండ్లతరబడి దినదినము కొంచెము కొంచెముగా, ఎవరికిని వినబడక, కరగిపోయినది.

ఎట్లు కరగినది? కళాయి పెట్టిన ఇత్తడిగిన్నె నెఱిగిన మనకు ఇది సులభముగా బోధపడును. పులుసు కాచుకొను గిన్నెకు లోపల తగరపు పూత ఉండవలెను; ఆ పూత ఉన్నంతకాలము ఇత్తడి భద్రము. వేడినీటి గొట్టములకు మనుష్యుడు కళాయి పెట్టడు, అవియే పెట్టుకొనును. ఉక్కు వేడినీటిని తాకినపుడు దానిపై నల్లని సన్నని పొర ఏర్పడును. మాగ్నటైటు అని దాని పేరు. ఆ పొర ఇనుమును కాపాడును. కాని నీరు అది యేర్పడు వేగముకంటె ఎక్కువ వేగముగ దానిని కరగించి తీసికొనిపోయినచో, క్రింది యినుము మరల క్రొత్త పొరను తయారుచేయును, అదియు పోవును. ఇట్లు తన్ను కాపాడుకొను యత్నముననే గొట్టము తనను తాను వ్యయము చేసికొనును. నీరు సుడి తిరుగు చోట ఈ వ్యయము అధికము. 130 మొదలు 150 డిగ్రీల వేడిమి దీనికి మిక్కిలి అనుకూలము. మిహామా నీరు సరిగా నందే యున్నది.

సుడి తిరుగుట కక్కడ హేతు వేమి? గొట్టములో ఎంత నీరు పోవుచున్నదో కొలుచుటకై నడుమ కన్నముగల ఒక పలక బిగించిరి. దానిని ఓరిఫీసందురు. వెడల్పైన నీరు ఇఱుకైన కన్నములో దూరి మరల వెడల్పులోనికి దుమికినపుడు అచ్చటనే సుడులు పుట్టును. గోదావరి కాలువల వెంట పెరిగిన సోదరీమణులకు నేను చెప్పనక్కఱలేదు: లాకు దిగువనే గట్టు కోసికొనిపోవును, తిన్నగా పోవు కాలువ గట్టుపై గడ్డి మొలచును. మిహామా గొట్టము పగిలినది ఓరిఫీసునకు కొంచెము దిగువననే.

ఇందొక వింత యున్నది. తుప్పు పట్టునని భయపడి ఇట్టి నీటిలోని ప్రాణవాయువును సాధ్యమైనంత తీసివేయుదురు. కాని ఆ ప్రాణవాయువు కొంచెమైన నున్నచో పై చెప్పిన పొర గట్టిపడి నిలుచును. బొత్తిగా లేనిచో సులభముగా కరగును. ఒక రోగమునకు వేసిన మందు వేఱొక రోగమునకు దారి తీసినట్లయినది. అట్లని ప్రాణవాయువును విడువరాదు, బాయిలరునకు ముప్పు. అందుచే నీటి ఆమ్లక్షారముల పాలును సరిచూచుకొనుచు, సుడులుండు చోట్ల క్రోమియము కలిపిన ఉక్కు వేయుచున్నారు. వందకు ఒకటి రెండు పాళ్ల క్రోమియ మున్నను ఈ వ్యాధి దాదాపు అంటదట. వంటకములో ఇంగువవలె, లోహమునకును చిటికెడు వస్తువు ఎంత మార్పు తెచ్చునో!

ఇంతవఱకు లోహము కథ. దారములును వాటి కూడికయు తెలిసినవి. మూడవ కారణము మిగిలినది. ఇది తెలియని వ్యాధియా యనగా, కాదు. 1986 డిసెంబరు 9వ తేదీన అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి సర్రీ అను విద్యుత్ కేంద్రమున ఇదే విధముగా వేడినీటి గొట్టము మలుపు వద్ద పలుచబడి పగిలి, నలుగురు మరణించిరి. అది చూచి జపానువారు మేల్కొనిరి. ఏ ఏ చోట్ల గొట్టములు పలుచబడ నవకాశ మున్నదో, వానిని ఎప్పుడెప్పుడు కొలువవలెనో నిర్ణయించుచు 1990లో నియమములు ఏర్పఱచుకొనిరి. మిహామాకును కొలువవలసిన చోట్ల జాబితా వ్రాయబడినది. ఓరిఫీసు దిగువ భాగము తప్పక చూడవలసినదే. ఆ జాబితాలో ఈ యొక్క చోటు వ్రాయుట మఱచిరి.

మఱచుట యనగా అంతే. ఎవరును దొంగిలింపలేదు, ఎవరును పగబట్టలేదు. వ్రాయనిదానిని కొలువలేదు. 1976 డిసెంబరులో ఆ యూనిట్ పని ప్రారంభించిన దాది 2004 వఱకు, సుమారు 28 సంవత్సరములు, ఆ చోట ఒక్క పర్యాయమైనను మందము చూచినవారు లేరు. నిజముగా నా మనస్సు కలచినది ఇంకను ముందున్నది. తనిఖీ పని చూచుకొను సంస్థవారు 2003లో జాబితాలో ఈ చోటు లేదని కనిపెట్టిరి. చేర్చిరి కూడ. రాబోవు వార్షిక తనిఖీలో కొలువవచ్చునని నిర్ణయించిరి. ఆ తనిఖీ 2004 ఆగస్టు 14న మొదలు కావలసియుండెను. గొట్టము 9న పగిలెను. కాలిపోయిన ఆ పదునొకండుగురును ఆ తనిఖీకి ముందుగా సరంజామా సిద్ధముచేయుటకై భవనములోనికి వచ్చినవారు. ఐదు దినములు! ఈ పంక్తి చదివి మా వారు కాగితము క్రింద పెట్టిరి. ఆ రాత్రి ఇక చదువలేదు.

మరునాడు తీసిన నివేదిక న్యూయార్కు నగరమునకు సంబంధించినది. ఆ నగరపు వీధుల క్రింద 1882 మొదలు ఆవిరి గొట్టములు నడచుచున్నవి; పెద్ద భవనములను వెచ్చగా నుంచుటకు ఒక కంపెనీ ఆవిరిని మనకు కుళాయినీరు వచ్చినట్లు పంచును. 2007 జూలై 18వ తేదీ సాయంకాలము లెగ్జింగ్టన్ ఎవెన్యూ, 41వ వీధి కూడలియందు 1924లో పాతిన గొట్టమొకటి పగిలి, నడివీధి గొయ్యియై, ఆవిరియు బురదయు మేడల నెత్తులు దాటి లేచినవి. ఒకరు మరణించిరి, అనేకులు గాయపడిరి. ఎనుబదిమూడేండ్ల గొట్టము! మా తమ్ముడు విన్నచో "పాతదైపోయింది" అనియుండును. ఆనాడు చాలమంది అట్లే యన్నారు కూడ. విచారణలో బయటపడిన కారణము నీటిదెబ్బ; వాటర్ హ్యామర్ అందురు.

వాన కురిసిన దినమది. చన్నీరు చుట్టును చేరి గొట్టమును చల్లార్చగా లోపలి ఆవిరి నీరుగా మారినది. అట్టి నీటిని ఎప్పటికప్పుడు బయటికి విడిచి, ఆవిరిని మాత్రము లోపల నాపు పరికరములు గొట్టమునకు అమర్చి యుందురు; వాటికి స్టీమ్ ట్రాప్ అని పేరు. అవి పనిచేయలేదు. ఏలయనగా, అంతకుముందు కారుచున్న ఒక అతుకును మూయుటకై ఎక్కించిన జిగురుమందు మితిమీరి లోపలికి పోయి, ఆ పరికరముల దారిని మూసివేసినది. నీరు నిలిచినది. నిలిచిన నీటిలో చిక్కిన ఆవిరి చటుక్కున నీరైనచో అది నిండిన చోటు మిక్కిలి చిన్నదిగా క్రుంగి, శూన్యమేర్పడును; ఆ శూన్యములోనికి ఇరుప్రక్కల నుండి నీటిముద్ద సమ్మెటవలె పరుగెత్తి ఢీకొనును. మేడపై కుళాయి నొక్కసారిగా కట్టినపుడు గోడలో ధణ్ మను చప్పుడు వినియుందురు. అది దీని చిన్న చెల్లెలు. కాబట్టి ఎనుబదిమూడేండ్లు నిలిచిన గొట్టమునకు హాని తెచ్చినది, దానికి చేసిన క్రొత్త మరమ్మతు.

అందుచేతనే అనుభవముగల పనివారు చల్లని గొట్టములోనికి ఆవిరిని ఒక్కపెట్టున విడువరు. మొదట అడుగు కుళాయిలు తెఱచి నీరు పోనిచ్చి, వాల్వును కొంచెము కొంచెముగా త్రిప్పి, గొట్టము వెచ్చబడుదాక కాచుకొందురు. టకటక శబ్దము వినబడినచో త్రిప్పుట ఆపుదురు. మా తమ్ముడు దీనిని వినగానే, "అది నాకు తెలుసక్కా, మా పాత మేస్త్రీ చెవితోనే ఫ్యాక్టరీ నడిపేవాడు" అనెను.

ఇంకను కొన్ని విధములు కలవు, సంక్షేపముగా చెప్పెదను. 500 డిగ్రీలు దాటిన గొట్టములలో ఉక్కు ఎఱ్ఱబడక, కరగక, అతి మెల్లగా సాగును. ఊరగాయ జాడీల బరువునకు అటకబల్ల ఏండ్లమీద వంగుట వంటిది. 1985 జూన్ 9వ తేదీన అమెరికాలో నెవాడా రాష్ట్రపు మొహావీ విద్యుత్ కేంద్రమున, నిలువున వెల్డింగు చేసిన పెద్ద గొట్టము ఆ అతుకు వెంట చీలి ఆరుగురి ప్రాణములు తీసినది. అట్టి సాగుడు కంటికి తెలియదు. పరీక్షకులు గొట్టముపై నొకచోట అద్దమువలె మెఱుగుపెట్టి, మందు రాచి, పలుచని ప్లాస్టిక్ పొర నంటించి ఊడదీయుదురు; వ్రేలిముద్ర తీసినట్లు లోహపు ముద్ర అందు పడును. సూక్ష్మదర్శినిలో చూచినచో లోహపు రేణువుల అంచుల వెంట చిన్న చిన్న బొరియలు కనబడును. అవి వరుసలు కట్టినచో గొట్టము మార్చవలసిన దినములు వచ్చినవన్నమాట.

వేడికి సాగుటయు నొక సమస్య. 30 మీటర్ల ఉక్కు గొట్టము 30 డిగ్రీల నుండి 200 డిగ్రీలకు వేడెక్కినచో సుమారు 6 సెంటీమీటర్లు పొడవగును. ఆ ఆఱు సెంటీమీటర్లకు చోటియ్యక రెండు కొసలను బిగించినచో అది అతుకులపై కసి తీర్చుకొనును. ఫ్యాక్టరీ ఆవరణములో తిన్నగా పోవు గొట్టము నడుమ ద్వారబంధమువలె పైకి లేచి, అడ్డముగా పోయి, మరల దిగుట చూచి నేను పూర్వము క్రింద బండ్లు పోవుటకై అట్లు చేసిరనుకొంటిని. అది గొట్టము వళ్లు విఱుచుకొనుటకు విడిచిన చోటు.

పగిలిన గొట్టమును పరీక్షించు పద్ధతి నాకు మిగుల నచ్చినది. పగిలిన ముక్కలను కడుగరాదు. తుడువరాదు. రెండు ముక్కలను ఒకదానితో నొకటి అతికించి చూడరాదు. మన చేయి మొదట ఆ పనికే పోవును. కాజేసిన గాజుముక్కలను చేర్చి చూచుకొనని ఆడుది యున్నదా? కాని అట్లు చేసినచో పగులు ముఖముపైనున్న సూక్ష్మ చిహ్నములు నలిగి, సాక్ష్యము నశించును. ఉన్నదున్నట్లు ఫొటోలు తీసి, ఎటువైపు ఏది యున్నదో గుర్తు పెట్టి, తరువాతనే ముట్టుదురు. పగులు పెదవులు కత్తియంచువలె పలుచగా నున్నచో అది అరిగి పలుచబడినదో, హఠాత్తుగా మితిమీరి కాగి సాగినదో కావచ్చును. మందముగా, సాగక విఱిగినచో చాలకాలము నుండి వేడికో మాటిమాటికి వంగుటకో అలసినదై యుండును. లోపల నునుపైనదా, గుంటలు పడినదా, బయట తుప్పున్నదా, అన్నియు అడుగుదురు. పొగను చూచి నిప్పును ఊహించుట మన తార్కికుల పని. ఇది నిప్పారిన తరువాత బూడిదను చూచి కట్టె ఏజాతిదో చెప్పుట.

ఇవన్నియు చదివిన తరువాత మా వారికి మా తమ్ముని గొట్టముపై మనసు పోయెను. "ఆ ముక్క యేమైనది?" అని యడిగిరి. దానిని కోసి వేఱొకటి అతికించి, పాతది ఇనుప సామాను కుప్పలో పడవేసిరట. చేయి కొంత నయమై పనికి పోయిన వారమునకు, అధికారులనడిగి, ఆ జానెడు ముక్కను గోనెగుడ్డలో చుట్టి తెచ్చెను. నేను కడుగవలదని ముందే చెప్పి పంపితిని.

లోపలివైపు నున్నగా, నల్లగా, చక్కగా నున్నది. బయటివైపు చూచితిమి గదా, తుప్పు పొరలు పొరలుగా లేచి, పూతరేకులవలె చేతికి వచ్చుచున్నవి. మా వారు బడినుండి స్క్రూగేజి తెచ్చి కొలిచిరి. తుప్పులేని కొస 5 మిల్లీమీటర్లు. చిల్లి యంచున ఒకటికి తక్కువ. ఆవిరి చేసిన పని కాదిది. వేడి పోకుండ గొట్టముపై దూదివంటి పదార్థము చుట్టి పైన అల్యూమినియము ఱేకు కప్పుదురు, లాగింగు అందురు. ఆ గొట్టముపై కప్పు ఱేకునకు ఒకచోట కన్నమున్నదట. వాననీరు ధారగా ఆ లాగింగు అతుకులో దిగి, లోపలి దూదిని తడిపి, ఎటును పోలేక అక్కడనే నిలిచినది. చెఱకు ఫ్యాక్టరీ ఏడాదిలో కొన్ని నెలలే నడచును. తక్కిన నెలలు, అందులో వర్షకాలమంతయు, గొట్టము చల్లగా, తడిగుడ్డలో చుట్టిన ఇనుపగరిటెవలె పడియుండును. పనిచేసిన కాలముకంటె విశ్రాంతి తీసికొన్న కాలముననే అది ఎక్కువ అరిగినదన్నమాట.

"ఏమైనా పాతదే గదా బావగారూ" అని మా తమ్ముడు మరల మెల్లగా అనెను.

నా మరదలు ఆ ముక్కను త్రిప్పి చూచుచుండెను. "ఈ కొసా ఆ కొసా ఒకనాడే పుట్టాయి కదండీ. ఇది ఇంకా బాగానే ఉందేం?" అనెను. అతడు మాటాడలేదు. తర్కసంగ్రహము చదువకయే ఆమె అడిగిన ప్రశ్న అది. నేను నెలదినములు చదివి అంతకంటె తిన్నగా అడుగజాలనైతిని.

మన దేశమున 1923 నాటి బాయిలర్ల చట్టము బాయిలర్లతోపాటు ఆవిరి గొట్టములను గూడ లెక్కలోనికి తీసికొన్నది. దానికి బదులుగా 2025లో క్రొత్త చట్టము వచ్చినది. ఇనస్పెక్టర్లు వత్తురు, సర్టిఫికెట్లు ఇత్తురు. ఆ ఫ్యాక్టరీలోను తనిఖీ పుస్తకమున్నది. బాయిలరు, దానికి దగ్గఱనున్న గొట్టములు, వాల్వులు అందు వ్రాసియున్నవి. కప్పు ఱేకు కన్నము క్రింద, లాగింగు లోపల నున్న గొట్టమును విప్పి చూడవలెనని అందులో ఎక్కడను లేదట. మిహామావలెనే. వేయి యామడల దూరమున నున్న అణుకేంద్రమునకును మన ఊరి చెఱకు ఫ్యాక్టరీకిని ఇట్టి చుట్టఱిక ముండునని నేను కలలోనైన అనుకొనలేదు.

ఈ యేడు గానుగ ఆడుటకు ముందు, కార్తికమాసమున, నేను వారింటికి పోయితిని. భోజనమైన పిమ్మట మా తమ్ముడు వంద పేజీల బడి నోటుపుస్తకము తీసెను. బాయిలరు మొదలు ఉడుకు గిన్నెల వఱకు పోవు గొట్టమును పొడుగునా గీసి, ప్రతి మలుపునకును, ప్రతి అతుకునకును అంకె వేసియున్నాడు. లాగింగు విప్పి చూచిన చోట తేదీ, మందము, చూడనిచోట ఖాళీ. అతని కుడిచేయి ఇంకను పూర్తిగా ముడుచుకొనదు. అందుచే మరదలు కలము పట్టినది. ఆమె అంకె చదువును, అతడు తేదీ చెప్పును, ఆమె వ్రాయును.

"ముప్ఫై ఆరు?"

"మొన్న గురువారం. నాలుగున్నర."

"ముప్ఫై ఏడు?"

"అది గోడలోంచి పోతుంది. కనపడదు. దానికి అంకె వేయలేదు."

"వేయండి" అని ఆమె పుస్తకము అతనివైపు త్రిప్పెను.